దొంగ శుక్రవారం

పోయిన వారం మనం కథ ఆపేసరికి లాండ్రీ ముందు షట్టరు మీద మూడు దెబ్బలు పడ్డాయి. ఆ షట్టరు పైకి లేచేలోగా, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

ఆసుపత్రుల దుప్పట్లు, తలగడ గలీబులు, డాక్టర్ల కోట్లు ఉతికి ఇస్త్రీ చేసి పంపే పెద్ద లాండ్రీ అది. అక్కడి టైమ్ ఆఫీసులో పంతొమ్మిదేళ్లుగా కూర్చుంటున్న ఆవిడను అందరూ గంటలక్క అంటారు. ఎవరు ఎన్నింటికి లోపలికి వచ్చారో, ఎన్నింటికి బయటికి వెళ్లారో ఆవిడ చేతిమీదుగా కార్డు మీద పడాల్సిందే. వారానికి అయిదు రోజుల పనిని నాలుగుకు తగ్గించి, జీతం మాత్రం తగ్గించకుండా ఉంచితే ఏమవుతుందో చూద్దామని ప్రభుత్వం పది చోట్ల ఏడాదిపాటు ప్రయోగం పెట్టింది. ఫలితం బాగుంటే దేశమంతటికీ చట్టం చేస్తారు. పదింటిలో ఈ లాండ్రీ ఒకటి. ఇక్కడ శుక్రవారం సెలవు. కాగితం మీద మాత్రమే సెలవు. ముందు షట్టరు దించేసి, వెనక గేటు గుండా లోపలికి వచ్చి, కార్డు కొట్టకుండా అందరూ పని చేస్తూనే ఉన్నారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు సాగుతున్న ఈ బాగోతానికి వాళ్లే ఒక పేరు పెట్టుకున్నారు, దొంగ శుక్రవారం అని.

మూడు నెలల కిందట అలాంటి ఒక శుక్రవారం, గంటలక్క మరిది రోడ్డుకు అవతల బస్టాప్ బల్ల మీద చనిపోయి కనిపించాడు. మరిది అంటే సొంత చెల్లెలి భర్త, ఇదే లాండ్రీలో ఇస్త్రీ రోలర్ మేస్త్రీ. ఆ రోజు నుంచి చెల్లెలు అక్కతో మాట్లాడటం మానేసింది. ఎందుకో గంటలక్కకు తెలియదు. అసలు సంగతి దానికి తెలిసిపోయిందేమోనన్న భయం మాత్రం మూడు నెలలుగా కంటి మీద కునుకు లేకుండా చేస్తోంది.

ఇక షట్టరు సంగతి.

మూడో దెబ్బ పడేసరికి లోపల ఎక్కడి పని అక్కడ ఆగిపోయింది. ఉతికే డ్రమ్ములు తిరిగి తిరిగి నెమ్మదించాయి. సగం దాకా రోలర్ కిందికి వెళ్లిన దుప్పటిని ఎవరో వెనక్కి లాగేశారు. మేనేజరు మునివేళ్ల మీద నడుచుకుంటూ వచ్చాడు. మామూలు రోజుల్లో ఆయన నడిస్తే నేల అదిరేది.

“గంటలక్కా, నువ్వు కార్డులు సర్దుకోవడానికి వచ్చావు. ఒక్కదానివే వచ్చావు. అంతే. ఇంకో ముక్క ఎక్కువొద్దు,” అన్నాడు చెవి దగ్గర.

“మరి మీరు?”

“నేనసలు ఊళ్లోనే లేను.”

లేని మనిషి చకచకా వెనక గేటు వైపు నడిచాడు. మిగతా వాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన వెంట వెళ్లిపోయారు. అంత పెద్ద హాల్లో ఆవిరి గొట్టాల నిట్టూర్పుల మధ్య గంటలక్క ఒక్కతే మిగిలింది. శుక్రవారాల్లో ఒంటరిగా ఉండటం ఆవిడకు చేతకాదు. పదకొండూ నలభై అయ్యేసరికి కార్డుల మీద వేళ కొట్టే టైమ్ మిషన్ తనంతట తానే టక్కుమని కొట్టుకున్నట్టు వినిపిస్తుంది. ప్లగ్గు పీకేసి చూసింది, అయినా వినిపించింది. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. తలుపు తట్టింది యముడైనా సరే, ఇంకో మనిషి తోడుంటే చాలనిపించి గబగబా వెళ్లి షట్టరు ఎత్తింది.

బయట కమిటీ మేడమ్ నిలబడి ఉంది. ప్రయోగం ఎలా నడుస్తోందో చూసి నివేదిక రాసే అధికారిణి ఆవిడ. ఏడాదిలో అయిదుసార్లు వచ్చింది, అయిదుసార్లూ ముందుగా కబురు పెట్టి, మంగళవారం నాడే వచ్చింది. శుక్రవారం రావడం ఇదే మొదలు. ఆవిడ వెనకాల, ఎండలో, కొంగు భుజం చుట్టూ బిగించుకుని చెల్లెలు నిలబడి ఉంది.

గంటలక్క షట్టరు అంచు పట్టుకుని పక్కకు జరిగింది.

“ఇవాళ సెలవు కదండీ?” అంది మేడమ్ లోపలికి వస్తూ.

“సెలవేనండీ. కార్డులు సర్దుకుందామని వచ్చాను. ఒక్కదాన్నే.”

మేడమ్ హాలంతా కలయజూసింది. తిన్నగా ఇస్త్రీ రోలర్ దగ్గరికి వెళ్లి, దాని మీద అరచెయ్యి ఆనించబోయి చటుక్కున వెనక్కి తీసుకుంది.

“సెలవు రోజున దీనికి జ్వరమెందుకొచ్చింది?” అంది. పక్కనే మడతల బల్ల మీద వరసగా గ్లాసులున్నాయి. “ఒక్కరే వచ్చి తొమ్మిది గ్లాసుల టీ తాగుతారా?”

పంతొమ్మిదేళ్లు నిమిషాల దగ్గర అబద్ధం రానివ్వని మనిషికి గ్లాసుల దగ్గర అబద్ధం ఎక్కడి నుంచి వస్తుంది? ముగ్గురూ టైమ్ ఆఫీసులోకి వచ్చారు. అది ఆఫీసంటే నవ్విపోతారు, ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు కార్డుల అరలు, రోడ్డు వైపు ఒక కిటికీ. చెల్లెలు కూర్చోలేదు. అక్క ముఖం కూడా చూడలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లి, రోడ్డుకు అవతల ఉన్న బల్లను చూస్తూ నిలబడిపోయింది. అక్కడి నుంచి ఆ బల్ల ఎంత స్పష్టంగా కనిపిస్తుందో కొలుస్తున్నట్టు చూసింది.

“ఈవిడ నాకు ఉత్తరం రాశారు,” అంది మేడమ్, ఫైలు తెరిచి. “చిన్న ఉత్తరం. ‘మీ మంచి లాండ్రీ ఎదుట మా ఆయన సెలవు రోజున చచ్చిపోయాడు. ఎలాగో మా అక్కను అడగండి.’ సోమవారం నా నివేదిక పైకి వెళ్తోంది. అడక్కుండా సంతకం పెట్టలేక వచ్చాను. చెప్పండి.”

“నాకేం తెలుసండీ, ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను.”

“ఇంకోసారి చెప్పు,” అంది చెల్లెలు, కిటికీ వైపు నుంచి తిరక్కుండానే. మూడు నెలల తర్వాత అక్కతో అది మాట్లాడిన మొదటి మాట. “కర్మ చేసిన రోజూ అదే చెప్పావు. ఇవాళ మళ్లీ ఒక్కసారి చెప్పు, వింటాను.”

మళ్లీ చెప్పలేకపోయింది గంటలక్క. చిన్నప్పుడు దానికి జడ వేసింది తనే, లెక్కలు నేర్పింది తనే, పెళ్లి కుదిర్చింది కూడా తనే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నాళ్లూ నోరు కట్టుకుంది. ఇంకా ఎన్నాళ్లు? కుర్చీలో కూలబడి, ఎక్కడి నుంచి మొదలు పెట్టాలో తెలియక, మంచి రోజుల దగ్గర మొదలు పెట్టింది.

“మొదటి నెల నిజంగానే సెలవిచ్చారు మేడమ్. నిజం శుక్రవారాలవి. డ్రమ్ముల దగ్గర పనిచేసే ముసలాయన మొదటి రెండు శుక్రవారాలూ నిద్రపోయాడు, మూడో వారం భార్యతో కలిసి కూరల మార్కెట్‌కెళ్లాడు. పెళ్లయ్యాక అదే మొదలట. మా మరిది ఇంటి పైకప్పు బాగు చేసుకున్నాడు. ‘వదినా, పిల్లదానికి కుడివైపు బుగ్గ మీద పుట్టుమచ్చ ఉందని నాకు ఇప్పుడే తెలిసింది’ అన్నాడు. ఆరేళ్ల పిల్లకి!”

చెల్లెలి భుజాలు ఒక్కసారి కదిలాయి.

“రెండో నెలలో ఇంకో ఆసుపత్రి దుప్పట్లు కూడా మనకే వచ్చాయి. మనుషుల్ని మాత్రం పెంచలేదు. మేనేజరుగారు ‘ఈ ఒక్క శుక్రవారం సాయం పట్టండి’ అన్నారు.”

ఈ ఒక్కసారికి అన్న మాటకు ఉన్నంత ఆయుష్షు ఇంకే మాటకూ ఉండదు. ఆ ఒక్క శుక్రవారం నెల తిరిగేసరికి నాలుగైంది, ఆ తర్వాత లెక్క పెట్టడం మానేశారు. నాలుగు రోజులూ రోలర్ వేగం పెంచి పరుగు, అయిదో రోజు దొంగతనం. ఎవరూ కిక్కురుమనలేదు. నాలుగు రోజుల ప్రయోగం చెడిపోతే మళ్లీ అయిదు రోజులు పెడతారని, అప్పుడు ఈ కాగితం మీది సెలవు కూడా పోతుందని భయం. వినడానికి పిచ్చిగా ఉంటుంది గానీ, లేని సెలవును కాపాడుకోవడానికి వాళ్లు ప్రతి శుక్రవారం పనికి వచ్చారు.

“మా మరిది ఒక్కడే ఎదురు తిరిగాడు. ‘నా శుక్రవారం నాది, ఇంటిదానికి మాటిచ్చాను, ఇక రాను’ అని మానేశాడు. రెండు వారాలు రాలేదు. మూడో శుక్రవారం రోలర్ దగ్గర మనిషి తక్కువయ్యాడు. ‘నీ మాట కాదనడు, నువ్వు ఫోన్ చెయ్యి’ అన్నారు మేనేజరుగారు.” గంటలక్క కార్డుల అరల వైపు చూసింది. “చేశాను. ‘ఒక్క గంట సాయం చేసి పో మరిదీ’ అన్నాను. ఎనిమిదిన్నరకు వచ్చాడు. గంట మూడు గంటలైంది. ఆ రోజు రోలర్ దగ్గర నిలబడితే ఒళ్లు కాలిపోతోంది. పదకొండున్నరకు కింద పడిపోయాడు.”

చెల్లెలు ఇప్పుడు ఇటు తిరిగింది.

“లోపలా?” అంది. “లోపల పడ్డాడా?”

ఆ ఒక్క ప్రశ్నలోని ఆశ్చర్యం గంటలక్కకు అప్పుడు అర్థం కాలేదు. తలూపి, ఇంకా చెప్పేసింది. మేనేజరు చెయ్యి పట్టుకు చూసి ‘పోయాడు’ అన్నాడట. సెలవు రోజున లోపల మనిషి పోయాడని తెలిస్తే లాండ్రీ మూతపడుతుంది, చట్టమూ రాదు, అందరి బతుకులూ బజారున పడతాయి అన్నాడట. ఇద్దరు మనుషులు దుప్పట్ల బండిలో పడుకోబెట్టి, పైన తెల్ల దుప్పటి కప్పి, రోడ్డు దాటించి, ఎవరూ లేని సమయం చూసి బస్టాప్ బల్ల మీద కూర్చోబెట్టి వచ్చేశారు. ఆ తర్వాత అందరూ దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయారు. పన్నెండున్నర బస్సు డ్రైవరు చూసి కేకలు పెట్టేదాకా ఎవరికీ ఏమీ తెలియదు.

“దీనికి సాక్ష్యం ఏముంది?” అంది మేడమ్. ఆవిడ కలం ఎప్పుడో ఆగిపోయింది.

గంటలక్క లేచి టైమ్ మిషన్ వెనక రిబ్బన్ డబ్బా మూత తీసింది. అందులోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

“ముందు షట్టరు ఎత్తి, బండిని ఈ గుమ్మం ముందు నుంచే తీసుకెళ్లారు మేడమ్. మనిషి ఇటు ముందు గుమ్మం దాటి బయటికెళ్తుంటే కార్డు కొట్టకుండా పంతొమ్మిదేళ్లలో ఒక్కరిని కూడా వదల్లేదు. నా బుర్ర పనిచెయ్యట్లేదు, కళ్లు ఏడుస్తున్నాయి, చెయ్యి మాత్రం అలవాటు ప్రకారం అరలోంచి అతని కార్డు తీసి మిషన్లో పెట్టేసింది. టక్కుమన్నాక గానీ నేనేం చేశానో నాకే తెలీలేదు.”

మేడమ్ కార్డు చేతిలోకి తీసుకుంది. సోమ, మంగళ, బుధ, గురు, నాలుగు వరసల్లోనూ వచ్చిన వేళ, వెళ్లిన వేళ పక్కపక్కన బుద్ధిగా ఉన్నాయి. శుక్రవారం వరసలో వచ్చిన వేళ లేదు. వెళ్లిన వేళ ఒక్కటే ఉంది. పదకొండూ నలభై. రానివాడు వెళ్లిపోయినట్టు.

మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మళ్లీ మాట్లాడినప్పుడు ఆవిడ గొంతులో అధికారం లేదు.

“పది చోట్ల పెట్టాం. తొమ్మిది చోట్ల మనుషులు బాగుపడ్డారు గానీ పని కొద్దో గొప్పో తగ్గింది. యజమానుల సంఘంవాళ్లు ఆ తగ్గిన దాన్నే పట్టుకుని వేలాడుతున్నారు. ఇక్కడొక్కచోటే ఒక్క దుప్పటి కూడా తగ్గలేదు. నా నివేదికంతా ఈ లాండ్రీ మీదే నిలబడింది.”

“అయిదు రోజులూ చేస్తే ఎందుకు తగ్గుతాయమ్మా?” అంది గంటలక్క.

“ఈ కార్డు బయటికొస్తే వాళ్లేమంటారో తెలుసా? ‘చూశారా, నాలుగు రోజుల్లో అయ్యేది కాదని వీళ్లే ఒప్పుకున్నారు’ అంటారు. చట్టం అక్కడితో సరి. మళ్లీ ఎన్నేళ్లకో!” మేడమ్ కార్డును బల్ల మీద పెట్టింది గానీ చెయ్యి దాని మీది నుంచి తియ్యలేదు. “మా అమ్మ వారానికి ఆరు రోజులు పనిచేసేది. ఏడో రోజు గోడవైపు తిరిగి పడుకునేది. అమ్మ అనగానే నాకు గుర్తొచ్చేది ముఖం కాదండీ, వీపు. నేను ఈ ఉద్యోగంలోకి వచ్చిందే దానికోసం. ఇంకో పిల్లకి అలా కాకూడదని.”

గంటలక్కకు ఆవిడ మీద జాలి వేసింది. కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చాయి.

“మీ చట్టం రావాలని నాకు మాత్రం లేదా? ఆ మొదటి నెల నా కళ్లతో చూశాను. కానీ మేడమ్, మీరు రోజులు తగ్గించారు, దుప్పట్లు తగ్గించలేదు, మనుషుల్ని పెంచమనలేదు. తీసేసిన రోజు ఎక్కడికి పోతుంది? వెనక గేట్లోంచి లోపలికే వస్తుంది. మీరొచ్చిందల్లా మంగళవారాలు. ఏడాదిలో ఒక్కటంటే ఒక్క శుక్రవారం వచ్చి ఈ రోలర్ మీద చెయ్యి పెట్టి ఉంటే, మా మరిది ఈ పూట ఇంట్లో ఉండేవాడు.”

మేడమ్ ఫైలు మూసేసింది.

“కార్డు నాకివ్వండి,” అంది చివరికి. “ఏం చెయ్యాలో సోమవారం దాకా ఆలోచిస్తాను.”

“ఆలోచించి?” అంది చెల్లెలు. “ఫైల్లో పెట్టి బీరువాకి తాళం వేస్తారా? ముందు నన్ను చూడనివ్వండి.”

మేడమ్ చేతి కింది నుంచి కార్డు లాక్కుంది. భర్త పేరు మీద వేలు ఆనించి, వేలిని ఒక్కో వరసా కిందికి దించుకుంటూ వెళ్లింది. శుక్రవారం దగ్గర వేలు ఆగింది. అంకెలు చదివింది. మళ్లీ చదివింది. ఏడుస్తుందనుకుంది గంటలక్క, తిడుతుందనుకుంది, కొట్టినా పడదామనుకుంది.

“ఈ టైము సరైందేనా?” అంది చెల్లెలు.

“మిషన్ తప్పు కొట్టదే. రోజూ పొద్దున్నే రేడియోతో సరిచూస్తాను.”

“అంటే పదకొండూ నలభైకే పోయాడా?”

“పోయాకే బండిలో పెట్టారు. మేనేజరుగారు చెయ్యి పట్టి చూశారు.”

చెల్లెలు సంచిలోంచి తన సెల్‌ఫోను తీసింది. మూడు నెలలుగా ఎవరికీ ఇవ్వని, ఏ నంబరూ చెరపని ఫోను. వేలితో కిందికి జరిపి జరిపి ఒక చోట ఆపి, దాన్ని కార్డు పక్కన, బల్ల మీద పెట్టింది. మేడమ్ వంగి చూసింది. గంటలక్క కూడా చూసింది. అదే తేదీ. మరిది నంబరు నుంచి వచ్చిన ఫోను. పన్నెండూ ఆరు. ఒక నిమిషం నలభై సెకన్లు.

“ఆయన నాతో మాట్లాడాడు,” అంది చెల్లెలు.

గంటలక్కకు మాట వినపడింది, అర్థం మాత్రం లోపలికి దిగలేదు. పదకొండూ నలభై నుంచి పన్నెండున్నర దాకా తను ఈ కిటికీ దగ్గరే నిలబడి ఉంది. పోయిన మనిషిని ఒంటరిగా వదిలేశామే, కనీసం చూస్తూనైనా ఉందామని నిలబడింది. తల వంచుకుని కూర్చున్న అతని చొక్కా చెయ్యి ఒకసారి కదిలింది. గాలికి కదిలిందనుకుంది. ఆ రోజు ఎండ తప్ప గాలి లేదని ఇప్పుడు, ఈ క్షణాన గుర్తొచ్చింది.

“పోయాడని తేల్చింది మేనేజరొక్కడేనా? ఇంకెవరైనా చూశారా?” అంది మేడమ్, గొంతు తగ్గించి.

జవాబు చెప్పేలోగా హాలు చివర వెనక తలుపు కిర్రుమంది. “గంటలక్కా!” అని గుసగుసగా మేనేజరు పిలుపు వినిపించింది. “వాళ్లు వెళ్లిపోయారా?”

అడుగులు ఒక్కొక్కటే దగ్గరికి వస్తున్నాయి. గంటలక్క అటు చూడనే లేదు. ఆవిడకు ఇప్పుడు మేనేజరు లేడు, చట్టం లేదు, సోమవారం లేదు. చెల్లెలి రెండు చేతులూ పట్టుకుంది.

“ఏమన్నాడే?” అంది. “నీకు దణ్ణం పెడతాను, ఏమన్నాడో చెప్పు.”

చెల్లెలు చేతులు విడిపించుకోలేదు. అక్క కళ్లలోకి మూడు నెలల తర్వాత మొదటిసారి చూసింది.

“‘ఒంట్లో కాస్త నలతగా ఉంది, లాండ్రీ ఎదుట బస్టాప్‌లో కూర్చున్నాను’ అన్నాడు. పనికెళ్లానని చెప్పలేదు, మాట తప్పాడని నేను బాధపడతాననుకున్నాడేమో. ఉన్నపళంగా వచ్చేస్తానన్నాను. ‘కంగారుపడకు, కిటికీలో వదిన ఉంది, నన్నే చూస్తోంది, ఇప్పుడొచ్చేస్తుంది’ అన్నాడు. నువ్వున్నావు కదా అని, చేతిలో ఉన్న కుట్టుపని పూర్తి చేసుకుని నిదానంగా బయల్దేరానక్కా.”